కొద్దిదినముల సేవకుని సిద్ధపాటు

ధ్యానమునకు: లూకా 10:1–9



పది పదిహేను దినముల సేవకై మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములకు దూరపు సంఘములవారు వచ్చుట కలదు. మన యౌవనస్థులును గోండి మాటలాడు ఆదిలాబాదు పల్లెలకు పోగోరుదురు. సంతోషమే. అయితే అట్టివారు ఏమి సిద్ధపరచుకొనవలెను? పాటలు, ప్రసంగములు, పంచిపెట్టు బట్టలు సులభముగా సమకూడును. తానక్కడ అతిథినని యెరుగుటయే కష్టము.

ప్రభువు డెబ్బదిమందిని పంపినప్పుడు సంచి లేకుండ పంపెను. ఒకే యింట దిగి, వారు పెట్టినదే తినవలెనని చెప్పెను. బోధింపబోవువారిని మొదట ఒకరి అన్నమునకు చేయిచాచువారినిగా చేసెను. ఎల్లప్పుడు ఇచ్చుటకే అలవాటుపడిన చేతికి ఎదుటివాని విలువ తెలియదు గదా!

1903లో తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించి, నైజాము రాజ్యములోని దోర్నకల్లు ప్రాంతమునకు సేవకులను పంపిరి. ఒకే దేశమైనను భాష వేరు, ఆచారము వేరు. ఆ స్థాపకులలో ఒకరైన వి. యస్. అజరయ్యగారు 1909లో తామే వచ్చి తెలుగులో సేవచేసిరి. 1910లో ఎడిన్‌బరో మహాసభయందు పాశ్చాత్య మిషనరీల త్యాగమును ఒప్పుకొనుచునే, తమకు స్నేహితులు కావలెనని వారినడిగిరి. 1912లో బిషప్పై, 1945లో ప్రభువునందు నిద్రించువరకు దోర్నకల్లు మేత్రాసనమును విడువలేదు.

ఏండ్లకొలది ఉండువాడు నేడు పొరబడినను రేపు దిద్దుకొనును. పది దినములవానికి ఆ రేపు లేదు. అతడు తొందరపడి ఇచ్చిన మాటను, అతడు బస్సెక్కిన పిమ్మట స్థానిక పాస్టరుగారు మోయవలెను.

సిరిసిల్ల మరమగ్గముల యొద్ద నేసిన గుడ్డనుబట్టి కూలి. పనివేళ మగ్గము ఆపించి ప్రార్థనకు పిలిచినచో ఆ యింటి కూటికే కోత. కోరుట్ల, జగిత్యాల పల్లెలలో అనేకుల భర్తలు గల్ఫు దేశములలో నున్నారు. ఒంటరిగానున్న స్త్రీ యింటికి క్రొత్తవాడు పోయినచో ఊరిలో మాటపడునది ఆమెయే. బీడీలు చుట్టు తల్లిని అడుగక ఫోటో తీసి, ఆమె లేమిని తన సంఘమునకు చూపుట ప్రేమయగునా? “గిట్ల”, “గట్ల” అను మాటలు విని నవ్వువాడు, ఆమె ఆ మాటలతోనే ప్రభువునకు మొరపెట్టునని మరచుచున్నాడు.

అయితే పోవుటయే మానవలెనా? కాదు. ఏ వేళ, ఏ యింటికి పోదగునో స్థానిక సంఘమునడిగి పొండి. మాటలాడుటకంటె ఎక్కువగా వినుడి. నెరవేర్చలేని మాట ఇయ్యకుడి.

వారిని చేర్చుకొను మనకును ఒక బాధ్యత కలదు. వచ్చినవారి మూటలవైపు చూడక, మన ఊరి సంగతులు వారికి నేర్పుదము. వారి తప్పును ప్రేమతో తెలుపుటయు ఆతిథ్యమే.

పది దినములలో పంట కోయలేకపోవచ్చును. ఒకరు దున్ని విత్తిన పొలమును త్రొక్కి పాడుచేయక, ఒక కలుపుమొక్క తీసి తిరిగివచ్చినను అది సేవయే.