మోయదగిన బరువు

నేటి యువకులు వీపున సంచి తగిలించుకొని, దినముల తరబడి కాలినడకను కొండలు, అడవులు తిరుగుచున్నారు. దానివలన మనస్సు తేలికపడుచున్నదని వారి అనుభవము. పెద్దలలో కొందరు దీనిని కాలహరణ మందురు. కాయకమును విడిచి తిరుగుట మనశ్శాంతికి మార్గమగునా, లేక బాధ్యతనుండి పారిపోవుటయా? శరణమార్గమున నడచువారికి ఈ ప్రశ్న మరింత సూక్ష్మమైనది. ఇష్టలింగము దేహముపైననే ఉండగా దూరక్షేత్రములకు పోవలసిన పనియేమి?

అయినను జంగమమనగా చలించునది. బసవేశ్వరులు స్థావరముకంటె జంగమమునకే ప్రాముఖ్య మిచ్చిరి. 12వ శతాబ్దమున అక్కమహాదేవి ఉడుతడి నుండి కల్యాణమునకు, అచటినుండి శ్రీశైలమునకు చేరినదని ప్రసిద్ధి. శ్రీశైల యాత్రికుల గమనమును పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణమున విపులముగ వర్ణించెను. నేటికిని ఉగాదికి ముందు కర్ణాటక, మహారాష్ట్ర ప్రాంతములనుండి వేలాది భక్తులు నడచి వచ్చుచున్నారు. ఆత్మకూరు దాటిన పిదప వెంకటాపురము, నాగలూటి, భీముని కొలను, కైలాసద్వారముల మీదుగా నల్లమల అడవిలో వారి దారి సాగును.

ఆ దారి మనస్సునకు నేర్పునది మొదట అవసరముల కొలత. ఇంటివద్ద మూట కట్టునపుడు ప్రతి వస్తువును ఆవశ్యకముగనే తోచును. ఫాల్గుణపు టెండలో కొండ నెక్కునపుడు భుజమే న్యాయాధిపతి యగును. ఒక కంబళి, రెండు బట్టలు, నీటి పాత్ర, కొన్ని జొన్నరొట్టెలు ఉన్నచో దినములు గడచునని ఎరిగినవానికి సంపదపై దృష్టి మారక తప్పదు.

రెండవది, పుచ్చుకొనుటలోని వినయము. త్రోవ పొడవునను గ్రామస్థులు అన్నము, మజ్జిగ, నీరు ఇత్తురు. తన ఊరిలో పదిమందికి పెట్టు గృహస్థుడును అచట పంక్తిలో కూర్చుండవలసినదే. దాసోహము చేయుటకంటె స్వీకరించుటయే అహంకారమునకు కఠినపరీక్ష.

మూడవది, చింత తగ్గుట. 2015లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొందరిని 90 నిమిషములు చెట్లు, పచ్చిక గల తావునను, మరికొందరిని వాహనముల రద్దీగల రహదారి ప్రక్కనను నడిపించిరి. ప్రకృతిలో నడచినవారు తమ్మును గూర్చిన దిగులు తలపులను మరల మరల నెమరువేయుట తగ్గినదని కనుగొనిరి. ఒక్క నడక ఫలము చిరకాలము నిలుచునని దీనివలన తేలదు. తీవ్రమైన మనోవ్యాధికి వైద్యుని సహాయమే కావలెను. నడక దానికి బదులు కాజాలదు.

యాత్ర విలువ తిరిగి వచ్చిన పిదపనే తెలియును. దారిలో అపరిచితుడిచ్చిన మజ్జిగ త్రాగినవాడు, తన గడపవద్ద దాహమడిగినవాని కులమును విచారించినచో, అతడు నడచినది కాళ్లతో మాత్రమే. ఇంటి భారమును భార్యపై, వృద్ధులైన తల్లిదండ్రులపై మోపి తాను తేలికపడినవాడు తన మూటను దింపుకొనలేదు, ఇతరుల భుజములకెత్తినాడు. అట్టి శాంతి అరువు తెచ్చుకొన్నది.

కావున బిడ్డలు నడకకు బయలుదేరుదుమన్నపుడు కుటుంబములు వారిని వారింపనక్కరలేదు. "నీవు లేని దినములలో నీ పని ఎవరు చేయుదురు? వచ్చిన పిదప వారికి విశ్రాంతి నీవిత్తువా?" అని మాత్రము అడుగవలెను. ఈ ప్రశ్నకు సమాధానము చెప్పి బయలుదేరినవాని నడక కాయకమునకు విరోధి కాదు.