భయం ఉన్నంతసేపే

“దొంగని కొట్టినందుకు హత్య కేసంట. ఇదెక్కడి న్యాయం అమ్మాయ్?”

మా మామయ్యకి కోపం రావడంలో తప్పులేదు. పొరుగూళ్లో ఒక రైతు రాత్రిపూట నీళ్లు కట్టడానికి వెళ్లి, బావి మీది మోటారు విప్పుతున్న మనిషిని చూశాడు. పెనుగులాట జరిగింది. దొంగ విడిపించుకుని చేలకు అడ్డంపడి పరిగెత్తాడు. రైతు గడ్డపార పుచ్చుకుని వెంటపడ్డాడు. దెబ్బ తల వెనక తగిలింది. ఆసుపత్రికి చేరేలోపే మనిషి పోయాడు. ఊరంతా రైతు పక్షమే, మామయ్యతో సహా. నేను క్రిమినల్ కేసులు వాదించేదాన్ని గనక, చట్టం తరఫున సంజాయిషీ నేనే ఇచ్చుకోవాలన్నట్టు అడిగాడు.

“ఒక్క సంగతి చెప్పు మామయ్యా. పరిగెత్తేటప్పుడు మోటారు వాడి దగ్గరే ఉందా, వదిలేశాడా?”

“వదిలేశాడు. అంత బరువు మోసుకుని ఎక్కడ పరిగెడతాడు? అయినా దాంతో ఏం పని?”

“కేసంతా అక్కడే ఉంది. దెబ్బ తల వెనక తగలడం ఇంకోటి.”

“అంటే దొంగొస్తే దణ్ణం పెట్టి మోటారు అప్పజెప్పమంటావు.”

ఈ మాట చాలామంది నోట విన్నాను. మన చట్టం మంచివాడి చేతులు కట్టేసి చెడ్డవాణ్ణి కాపాడుతుందని జనం గట్టిగా నమ్ముతారు. ఆత్మరక్షణ వరకు అది నిజం కాదు. మెకాలే కమిషన్ 1837లో ముసాయిదా రాయగా, 1860లో చట్టమైన భారత శిక్షాస్మృతిలో 96 నుంచి 106 వరకు సెక్షన్లు ఈ హక్కు గురించే. 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చాక అవే 34 నుంచి 44 అయ్యాయి. నంబర్లు మారాయి గానీ సారం అదే. ఆ పదకొండు సెక్షన్లూ ఓపిగ్గా చదివినవాళ్లెవరూ అది పిరికి చట్టం అనరు.

“దణ్ణం పెట్టమనదు, పారిపొమ్మనీ అనదు” అన్నాను. “ఎదురుగా ప్రమాదం ఉన్నప్పుడు పిరికివాడిలా పరిగెత్తాల్సిన పనిలేదని 2010లో దర్శన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. నీ ఒంటి మీదికే కాదు, పక్కవాడి ఒంటి మీదికి వచ్చినా నువ్వు అడ్డుపడొచ్చు. ప్రాణం పోతుందనో, పెద్ద గాయమవుతుందనో తగిన కారణంతో భయపడితే, ఎదుటివాడి ప్రాణం తీసినా నేరం కాదు. అత్యాచారం చేయడానికో ఎత్తుకుపోవడానికో మీదపడ్డా అంతే. యాసిడ్ దాడిని 2013లో చేర్చారు. మొదటి దెబ్బ పడేదాకా ఆగమని ఎక్కడా లేదు.”

“కర్రతో వచ్చినవాణ్ణి కర్రతోనే కొట్టాలంటారు గదా?”

“దేవ్ నారాయణ్ కేసులో తల మీద లాఠీ దెబ్బ తిన్నవాడు బల్లెంతో పొడిచాడు. హైకోర్టు హద్దు దాటావంది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. తల మీద పడే కర్రకి ప్రాణం తీసే సత్తా ఉంది గదా, అప్పుడు చేతిలో ఉన్నది వాడాడంతే అని వదిలేసింది. కట్నీ సంగతైతే ఇంకా చెప్పుకోవాలి. మధ్యప్రదేశ్‌లో ఊరది. 1950 మార్చిలో అక్కడ మతకల్లోలం రేగింది. గుంపు ఒకతని తోబుట్టువు దుకాణం దోచేసి, దాన్ని ఆనుకుని ఉన్న అతని దుకాణం తలుపులు లాఠీలతో బాదడం మొదలుపెట్టింది. లోపల కుటుంబం ఉంది. అతను తుపాకీ పేల్చాడు. ఒకడు చనిపోయాడు. కింది కోర్టులో శిక్ష పడింది. 1952లో సుప్రీంకోర్టు విడుదల చేసింది. గుంపు తలుపు విరగ్గొట్టి లోపలికి వచ్చేదాకా అతను ఆగనక్కర్లేదనీ, ఆ క్షణంలో మనిషి వాడిన బలాన్ని బంగారం తూచే త్రాసులో తూచకూడదనీ చెప్పింది.”

మామయ్య మొహంలో కాస్త వెలుగొచ్చింది. “మరింకేం? మనవాణ్ణి కూడా వదిలెయ్యాలి.”

“కట్నీలో గుంపు లోపలికి వస్తోంది మామయ్యా. ఇక్కడ దొంగ దూరంగా పోతున్నాడు.”

ఆ తేడా ఆయనకి అంత పెద్దదిగా కనిపించలేదు. దొంగతనమంటే దొంగతనమే గదా అన్నాడు. అందుకని ఆస్తి సంగతి విడిగా చెప్పాల్సి వచ్చింది. ఆస్తి కాపాడుకోవడానికి కూడా చంపే హక్కుంది, కానీ కొన్ని సందర్భాల్లోనే. దోపిడీ, చీకటిపడ్డాక ఇంటికి కన్నం వేయడం, కాపురముండే ఇంటికి నిప్పుపెట్టడం లాంటివి. ఉత్త దొంగతనానికి ఆ హక్కు రాదు. పట్టుకోవచ్చు, లాక్కోవచ్చు, పెనుగులాటలో కొట్టొచ్చు, చంపకూడదు. ఆ దొంగతనంలోనే ప్రాణానికో ఒంటికో పెద్ద హాని జరుగుతుందన్న భయం పుడితే అప్పుడు వేరే లెక్క. దొంగ సొమ్ముతో పారిపోతున్నంతసేపూ వెంటపడి లాక్కునే హక్కు ఉంటుంది. సొమ్ము చేతికొచ్చిందా, హక్కు అక్కడితో సరి. మోటారు గట్టు మీద పడి ఉంది. ఆ తర్వాత రైతు వేసిన ప్రతి అడుగూ దేనికోసం అన్నదే కోర్టు అడుగుతుంది.

“పట్టుకోవడానికి” అన్నాడు మామయ్య. “వదిలేస్తే రేపు ఇంకొకడి మోటారు పోతుంది.”

“పట్టుకోవచ్చు. కళ్లముందు ఇలాంటి నేరం జరిగితే మామూలు మనిషి కూడా అరెస్టు చేయొచ్చు. ఆరు గంటల్లోపు పోలీసులకి అప్పజెప్పాలి. కానీ పట్టుకోవాలనుకున్నవాడు గడ్డపార తల మీదికి ఎత్తడు.”

మామయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగిన ప్రశ్న కోర్టులో ఏ పబ్లిక్ ప్రాసిక్యూటరూ నన్ను అడగలేదు.

“చీకటి. ఒక్కడే ఉన్నాడు. అప్పుడే వాడితో కలబడ్డాడు, గుండె కొట్టుకుంటోంది. భయం ఎక్కడ ఆగిందో, కోపం ఎక్కడ మొదలైందో ఆ మనిషికి తెలుస్తుందా?”

తెలియదు. ఈ హక్కుకి సంబంధించి నాకు తోచే పెద్ద చిక్కు ఇదే. చట్టం ఆత్మరక్షణని భయం మీద నిలబెట్టింది. భయం పుట్టినప్పుడు హక్కు పుడుతుంది, భయం ఉన్నంతసేపే ఉంటుంది. మనిషి లోపల మాత్రం భయానికీ కోపానికీ మధ్య గోడ లేదు. అదే నెత్తురు, అదే వణుకు. భయపడ్డందుకే కోపం వస్తుంది. ఒక్కోసారి ఆ కోపమే ప్రాణం నిలబెడుతుంది కూడా. అయినా ఆ గీత గీయక తప్పదని నేను నమ్ముతాను. భయంతో కొట్టేవాడు ఒక హానిని ఆపుతున్నాడు. కోపంతో కొట్టేవాడు శిక్ష వేస్తున్నాడు. విచారణ లేకుండా, అవతలివాడి మాట వినకుండా, కొలత లేకుండా.

“చట్టానికీ ఆ సంగతి తెలుసు మామయ్యా. అందుకే మధ్యలో ఒక మెట్టు ఉంచింది. ఆత్మరక్షణ హక్కు మొదలై, ముందస్తు పథకం లేకుండా, మంచి ఉద్దేశంతోనే హద్దు దాటి చంపితే అది హత్య కాదు, అంతకు తక్కువ నేరం. శిక్ష తగ్గుతుంది. ఆ రైతు ఒంటి మీద దెబ్బలున్నాయా?”

“మోచేతి దగ్గర చీరుకుంది. స్పానర్‌తో కొట్టాడంట వాడు.”

“డాక్టరుకి చూపించారా? వూండ్ సర్టిఫికెట్ ఉందా?”

“ఇంట్లో పసుపు పెట్టుకున్నాడు.”

ఇక్కడ నాకు నిజంగా బాధేసింది. ఇలాంటి కేసుల్లో నిందితుడి ఒంటి మీది గాయం అతని నోటి మాట కంటే గట్టిగా మాట్లాడుతుంది. ఆ గాయం ఎలా అయిందో ప్రాసిక్యూషన్ చెప్పలేకపోతే వాళ్ల కథ సగం బలహీనపడుతుంది. ఆత్మరక్షణ అని రుజువు చేసే భారం నిందితుడిదే, కానీ ప్రాసిక్యూషన్ లాగా అనుమానానికి తావులేకుండా రుజువు చేయనక్కర్లేదు. అలా జరిగి ఉండే అవకాశమే ఎక్కువని చూపిస్తే చాలు. తను ఆ మాట ఎత్తకపోయినా, అవతలి సాక్షుల మాటల్లోంచి అది బయటపడితే కోర్టు లెక్కలోకి తీసుకోవాల్సిందే. భయపడి ‘నేనసలు అక్కడ లేను’ అని చెప్పుకునే అమాయకులు చాలామంది. నిజం చెబితే మేలు జరిగే చోట అబద్ధం చెబుతారు.

“గాయం మానకముందే, ఈ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమను” అన్నాను.

మామయ్య తలూపాడు గానీ వాదన వదల్లేదు. “ఇవన్నీ దొరల చట్టాలమ్మా. మన శాస్త్రంలో ఆతతాయిని చంపితే పాపం లేదన్నారు. సొమ్ము దోచేవాడూ ఆతతాయే.”

“అశ్వత్థామ కంటే పెద్ద ఆతతాయి ఎవరు? నిద్రపోతున్న ఉపపాండవుల్ని అర్ధరాత్రి చంపాడు. అర్జునుడు కట్టేసి తెస్తే, పోతన భాగవతంలో ద్రౌపది వాణ్ణి ఏమడిగింది? నా పిల్లలు ఆయుధాలు పట్టుకుని నీ మీదికొచ్చారా, యుద్ధంలో ఉన్నారా, నీకేమైనా కీడు చేశారా, నిద్రలో ఉన్నవాళ్ల మీదికి చెయ్యెలా వచ్చిందని. మనం బళ్లో కంఠతా పట్టిన పద్యమే. ఆత్మరక్షణ కేసులో నేను సాక్షిని అడిగే ప్రశ్నలు అవే మామయ్యా. ఆయుధం ఉందా? మీదికొచ్చాడా? అప్పుడు ఏం చేస్తున్నాడు? ఇంకో సంగతి. కట్టేసి ఉన్న అశ్వత్థామని చంపొద్దన్నదీ ఆమే. భీముడు చంపమన్నాడు. అర్జునుడు తల మీది మణి తీసుకుని వెళ్లగొట్టాడు.”

“ద్రౌపది అంత గుండె అందరికీ ఉండదు.”

“ఉండదు. అందుకే దాన్ని ఒక్కొక్కరి గుండెకి వదిలెయ్యలేదు, చట్టంలో పెట్టారు.”

ఈ గీత పోలీసులకీ ఒకటే. 2019 డిసెంబర్ 6న చటాన్‌పల్లి దగ్గర దిశ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆయుధాలు లాక్కున్నారు, ఆత్మరక్షణ కోసం కాల్చామన్నారు. జనం పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ ఆ మాట నమ్మలేదు. చంపాలనే కాల్చారనీ, పదిమంది పోలీసుల మీద హత్యానేరం విచారణ జరగాలనీ 2022లో బయటికొచ్చిన నివేదికలో రాసింది. ఆ నివేదిక మీద తర్వాత హైకోర్టులో వివాదం నడిచింది. ఆ రోజు పూలు చల్లినవాళ్ల బాధ నాకు తెలుసు. కానీ ఆత్మరక్షణ అన్న మాట పగకి ముసుగైతే, రేపు నిజంగా ప్రాణభయంతో చెయ్యెత్తిన ఆడపిల్ల ఆ మాట చెప్పినప్పుడు ఎవరు నమ్ముతారు?

ఆడపిల్ల మాట రాగానే మామయ్య నన్ను సూటిగా అడిగాడు. “రోజూ తాగొచ్చి చావబాదే మొగుణ్ణి, వాడు నిద్రపోతుండగా కొట్టి చంపిన మనిషి సంగతేంటి? దానికి మీ భయం లెక్క ఎలా కడతారు?”

దీనికి నా దగ్గర మంచి సమాధానం లేదు, చట్టం దగ్గరా లేదు. నిద్రపోతున్నవాడి నుంచి అప్పటికప్పుడు అపాయం లేదు గనక ఆత్మరక్షణ హక్కు లేదంటారు. ఆకస్మికంగా రెచ్చగొట్టడం అనే మినహాయింపు కిందకి లాగి శిక్ష తగ్గించడానికి న్యాయమూర్తులు ప్రయత్నిస్తారు. ఆమెది ఆకస్మికం కాదు, ఏళ్ల తరబడి పేరుకున్న భయం. పోలీసుల దగ్గరికి వెళ్లే వ్యవధి ఉంటే ఈ హక్కు లేదని సెక్షన్ చెబుతుంది. వ్యవధి ఆమెకి ఉంది. వెళితే తలుపు తెరిచేవాళ్లు ఉన్నారా అని సెక్షన్ అడగదు. ఈ అధ్యాయం రాసినప్పుడు చట్టం కళ్లముందు ఉన్నది పొలం గట్టు మీద ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరు మగవాళ్లు. ఒకే కప్పు కింద, పారిపోయే చోటు లేని భయాన్ని అది చూడలేదు. నంబర్లు మార్చినప్పుడైనా చూసి ఉండాల్సింది.

“అయితే చట్టం తప్పని నువ్వే ఒప్పుకుంటున్నావు.”

“అక్కడ చాల్లేదంటున్నాను. మోటారు దొంగ దగ్గర మాత్రం సరిగ్గానే ఉంది. అది సరే, నీ మొక్కజొన్న చుట్టూ ఉన్న తీగ సంగతి చెప్పు.”

మామయ్య ఉలిక్కిపడ్డాడు. అడవి పందుల కోసం రాత్రిళ్లు తీగకి కరెంటు పెడుతున్నాడని అత్తయ్య ముందే చెప్పింది.

“నా పంట, నా పొలం. పందుల కోసం పెట్టుకున్నా.”

“బిహార్‌లో ఒకాయన తన మరుగుదొడ్డికి వెళ్లే దారిలో రాగితీగ కట్టి కరెంటు పెట్టాడు. పక్కింటావిడ తన మరుగుదొడ్డి గోడ కూలిపోవడంతో ఇతనిది వాడుకుంటోంది, వద్దన్నా వినలేదు. వెళ్లేటప్పుడు తప్పించుకుంది, వచ్చేటప్పుడు చెయ్యి తగిలి చచ్చిపోయింది. నా స్థలం కాపాడుకున్నానన్నాడు. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అనుమతి లేకుండా అడుగుపెట్టినంత మాత్రాన మనిషి ప్రాణానికి విలువ పోదని చెప్పి, నిర్లక్ష్యంతో మరణానికి కారణమైనట్టు శిక్ష ఖాయం చేసింది. ఆత్మరక్షణ హక్కు రావాలంటే ఒక మనిషి భయపడాలి మామయ్యా. ఎదుటివాడెవడో చూడాలి, ఎంత కొట్టాలో ఎంచుకోవాలి, వాడు వెనక్కి తగ్గితే చెయ్యి దించాలి. నీ తీగ ఇందులో ఏదీ చెయ్యలేదు. పందికీ, నీ జీతగాడికీ తేడా దానికి తెలియదు.”

“నా జీతగాడికి తెలుసు తీగ ఉందని.”

“పక్క చేను కౌలుదారుకి తెలుసా? రాత్రి త్రీఫేజు వచ్చినప్పుడు చీకట్లో మోటారు వెయ్యడానికి మీ గట్ల మీంచే గదా వెళ్లేది?”

మామయ్య కాసేపు నేలకేసి చూశాడు. తర్వాత సోలార్ ఫెన్సింగ్‌కి ఎకరానికి ఎంతవుతుందని అడిగాడు. అందులో కరెంటు క్షణకాలం కొట్టి వదిలేస్తుంది, జంతువు బెదురుతుంది తప్ప చావదని చెప్పాను. ధర నాకు తెలియదన్నాను. టౌన్లో కనుక్కుంటానన్నాడు.

“కనుక్కునేదాకా?” అని అడిగాను.

“ఈ రాత్రికి తీగ పీకేస్తాలే. కాపలాకి నేనే వెళతా” అన్నాడు.