నాగశిలలు, స్ఫటికము

విదురాశ్వత్థమున, ఉత్తర పినాకినీ తీరమందు, విదురుడు నాటెనని జనులు చెప్పుకొను అశ్వత్థవృక్షము 2001లో కూలిపోయినను, భక్తులు ప్రతిష్ఠించిన వేలకొలది నాగశిలలు నేటికిని నిలిచియున్నవి. కంపవాతపీడితుడగు వృద్ధుడు సందెవెలుగున వానిని చూచి పాములు కదలుచున్నవని పలికినచో, అది భక్తియా, భ్రమయా, వ్యాధియా? జన్మాంధుడగు అన్నకు హితవు చెప్పుచు బ్రతికిన విదురుని పేరిటి చోట ఈ ప్రశ్న పుట్టుట తగియే యున్నది.

1817లో జేమ్స్ పార్కిన్సన్ వర్ణించిన యీ కంపవాతరోగము కరచరణములను వణకించునదిగానే లోకమునకు తెలియును. కాని ఈ రోగమున తరుగు డోపమైనను రసాయనము కంటి రెటీనాయందును పనిచేయునది గావున, అది క్షీణింపగా వర్ణభేదములు, వెలుగునీడల తారతమ్యము స్ఫుటముగా తెలియవు. రెప్పపాటు తగ్గి కన్నులెండును. దగ్గరి వస్తువు రెండుగా తోచును. కొందరికి లేని మనుష్యరూపములును జంతురూపములును గోచరించును.

అద్వైతులు త్రాటియందు తోచు పామును ప్రాతిభాసికమనిరి. దీపము తేగానే అది తొలగును. ఈ రోగులలో కొందరికో, అది లేదని యెరిగినను దృశ్యము పోదు. ఇట్టిదానికి శాస్త్రము సోపాధికభ్రమయని పేరిడినది: మంకెనపూవు చెంతనున్న స్ఫటికము తెల్లనిదని తెలిసినను ఎఱ్ఱగనే కనబడును. అచట పూవువలె, రోగి దేహమే యిచట ఉపాధి. కావున నతనిని అజ్ఞానియనుట వైద్యమునకే కాదు, వేదాంతమునకును విరుద్ధమని నా తలంపు.

ఇంటివారలారా, గద్దింపకుడు, గదిలో వెలుతురు పెంచి, వైద్యునకు తెలుపుడు. ఆ దృశ్యములకు ఒక్కొక్కప్పుడు మందులును కారణమగును. అయినను ఆ మందులను తమంత తామే మానుట ప్రమాదకరము.