పోపుల డబ్బాలో క్రిస్మస్

డిసెంబరు వచ్చిందంటే ఊళ్లో డాబాల మీద, పెంకుటిళ్ల మీద నక్షత్రాలు వెలుగుతాయి. ఆ వెలుగు కింద కూర్చుని ఎన్నో ఇళ్లలో అమ్మలు లెక్కలు వేసుకుంటుంటారు. పిల్లల బట్టలు, కుట్టుకూలి, అరిసెలకు బెల్లం, కేకు, క్యారల్స్ పాడుతూ వచ్చేవాళ్లకు టీ, గుళ్లో కానుక.

చేతిలో లేకపోతే అప్పే. నూటికి మూడు రూపాయల వడ్డీకి 5,000 తెస్తే నెలకు 150. మళ్లీ పండుగ నాటికి 1,800 వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. నాకు బాధ కలిగించే లెక్క ఇది.

మా అమ్మ ఆదివారం గుడి నుంచి రాగానే పోపుల డబ్బాలో కొంత వేసేది. ఈ రోజుల్లో వారానికి వంద వేస్తే 52 వారాలకు 5,200. కుదరని వారం యాభయ్యే వేయండి. బట్టలు అమ్మ ఆషాఢం తగ్గింపుల్లోనే కొని, ఎదిగే పిల్లలమని అంచు మడత ఎక్కువ వదిలి కుట్టించేది.

చేతిలో లేని రోజుల్ని తలచుకుంటే నాకు మెదక్ చర్చి గుర్తొస్తుంది. కరువు రోజుల్లో పోస్నెట్ అనే మిషనరీ దొర ఆకలిగొన్నవాళ్లకు పని చూపి, తిండి పెట్టి కట్టించిన గుడి. 1924 క్రిస్మస్ నాడు తలుపులు తెరిచింది.

ఈ ఏడాది డబ్బా ఖాళీగా ఉంటే పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని ఉన్నమాట చెప్పండి. వాళ్లు అర్థం చేసుకుంటారు. ఒక ఏడు అమ్మ మాకలాగే చెప్పింది. ఆ సాయంత్రం అందరం కలిసి వెదురు బద్దలు చీల్చి, రంగు కాగితం అంటించి నక్షత్రం కట్టాం.