నొచ్చిన కాలును, పందెపు రంగమును



అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘమునకు వ్రాయుచు పరుగు పందెమును, ముష్టియుద్ధమును ఉదాహరించెను (1 కొరింథీ 9:24-27). అది ఆయనకు ఊరకే తోచిన ఉపమానము కాదు. కొరింథు పట్టణమునకు సమీపముననే ఇస్త్మియా అనుచోట రెండేండ్లకొకసారి గొప్ప క్రీడోత్సవము జరుగుచుండెడిది. అందు గెలిచినవానికి పైన్ చెట్టు కొమ్మలతోనో, ఎండిన సెలరీ ఆకులతోనో అల్లిన కిరీటము పెట్టెడివారు. నాలుగు దినములలో రాలిపోవు ఆ ఆకులకొరకు మనుష్యులు ఎంత కష్టపడుదురో కొరింథీయులు కన్నులార చూచినవారే. తన చదువరులు ఎరిగిన ఆటస్థలమునుండియే పౌలు వారికి పాఠము చెప్పెను.

ఆ ధైర్యముతోనే నేనును ఈ మాసము ఒక క్రీడను గూర్చి వ్రాయబూనితిని. పల్లె సంఘములవారు చదువు పత్రికలో విదేశపు పందెములకేమి పని యని పెద్దలు కొందరు అడుగవచ్చును. కడవరకు చదివిన పిమ్మట అడుగుడని వారిని వేడుకొనుచున్నాను.

ట్రయథ్లాన్ అను ఈ పందెములో ఈత, సైకిలు, పరుగు అను మూడును ఒకదాని వెంట ఒకటి నిలుపకుండ చేయవలెను. వాటిలో మిక్కిలి కఠినమైన దొకటి హవాయి ద్వీపములలో 1978లో ప్రారంభమైనది. ఈతగాడు బలవంతుడా, సైకిలు తొక్కువాడా, పరుగెత్తువాడా అని అమెరికా నౌకాదళపు అధికారి యొకడును అతని స్నేహితులును వాదించుకొని, మూడు పందెములను ఒకటిగా కలిపిరి. ఆ మొదటి యేట పదునైదుగురు బయలుదేరగా పండ్రెండుగురు ముగించిరి. సముద్రములో 3.8 కిలోమీటర్ల ఈత, వెంటనే 180 కిలోమీటర్ల సైకిలు, ఆ మీదట 42.2 కిలోమీటర్ల పరుగు. అంతయు పదునేడు గంటలలోపల ముగింపవలెను. ఒక్క సెకండు దాటినను ముగించినవారి జాబితాలో పేరుండదు.

ఇందు పాల్గొనువారిలో జీతము తీసికొని ఆడువారు కొద్దిమందియే. తక్కినవారందరు గుమాస్తాలు, ఉపాధ్యాయులు, వైద్యులు, పింఛనుదారులు. ఐదేసి సంవత్సరముల చొప్పున వయస్సునుబట్టి వారిని తరగతులుగా విభజింతురు. నలువది దాటినవారు, డెబ్బది దాటినవారు సయితము తమ యీడువారితోనే పోటీపడుదురు. చలిదేశములలో చెరువుల నీరు వెచ్చబడిన తరువాతనే పందెములు మొదలగును. చలికాలమంతయు తెల్లవారక మునుపే లేచి అభ్యాసము చేసి, వసంతమున చిన్న పందెములలో సత్తువ చూచుకొని, ఏడాదికంతటికి ఒక్క పెద్ద పందెముమీద ఆశ పెట్టుకొందురు. దానికి రుసుము వందల డాలర్లు. నెలల ముందుగా కట్టవలెను.

ఇట్టివాడు ఒకడు ఆ పందెము ఇంక నెల దినములున్నదనగా కాలు నొప్పించుకొనెననుకొనుడు. ఇది అరుదైన సంగతి కాదు. యేబదియేండ్లు దాటి పరుగెత్తువారికి మిక్కిలి సాధారణమైనది. దీనికి కారణము గలదు. క్రమముగా అభ్యాసము చేయగా గుండెయు ఊపిరితిత్తులును కొద్ది వారములలోనే బలపడును. కండరమును ఎముకతో బంధించు నరపుత్రాడు, అనగా స్నాయువు, అంత త్వరగా బలపడదు. దానికి రక్తప్రసరణ తక్కువ. నొచ్చినయెడల మానుటయు ఆలస్యమే. వయస్సు పెరిగిన కొలది ఇంకను ఆలస్యము. కావున ఊపిరి పరుగెత్తుమనును, మడమ వెనుకనున్న త్రాడు ఓర్వలేననును. మనుష్యుడు సామాన్యముగా ఊపిరి మాటనే వినును, అది సంతోషకరమైన మాట గనుక.

అప్పుడతని యెదుట నిలుచు ప్రశ్నయే నేనిక్కడ విచారింపదలచినది. నొప్పిని సహించి పరుగెత్తుట ధైర్యమా, గర్వమా? ఆగుట వివేకమా, పిరికితనమా?

ఇందు పౌలును ఇరుపక్షములవారును తమ సాక్షిగా పిలువవచ్చును. నేను నా దేహమును అదుపులోనుంచుకొందునని చెప్పుచోట ఆయన వాడిన గ్రీకు మాటకు కంటిక్రింద గ్రుద్దుట అని అర్థము, ముష్టియుద్ధపు మాట. ఇది చూచి కొందరు, దేహము మొరపెట్టినను వినకూడదందురు. అయితే ఆయనయే కొలొస్సయులకు వ్రాయుచు, దేహమును బాధించుకొనుట చూపరులకు జ్ఞానముగా కనబడును గాని నిజమైన విలువ లేనిదనెను (కొలొస్సయి 2:23). తిమోతికి వ్రాయుచు శరీర సాధకము కొంచెముమట్టుకు ప్రయోజనమేయని ఒప్పుకొనెను (1 తిమోతి 4:8). ఆ కొంచెమును ఆయన కొట్టివేయలేదు. మన బోధకులు కొందరు దానిని పూర్తిగా కొట్టివేసి చెప్పుదురు, అది సరికాదు. పౌలు నొప్పికి శత్రువునుకాడు, భక్తుడును కాడు. దేనికొరకు నొప్పి, ఎవరి అధీనములో దేహము అని ఆయన అడుగును.

ఇక్కడ ఒక వైద్యుని సంగతి చెప్పవలెను. స్వీడను దేశపు శస్త్రవైద్యుడు హాకన్ ఆల్ఫ్రెడ్సన్ అనునతడు తానే పరుగెత్తువాడు. అతనికి మడమ వెనుక స్నాయువు నొప్పి పట్టెను. శస్త్రచికిత్స చేయుమనగా అతని పైయధికారి, అంత అవసరము లేదని నిరాకరించెను. అంతట ఇతడు, ఆ త్రాడు పూర్తిగా తెగినయెడల చేయక తప్పదుగదా యని, నొచ్చుచున్న మడమను మెట్టు అంచున పెట్టి బరువుతో క్రిందికి దించుచు దినదినము దానిని బాధించెను. తెగుటకు మారుగా అది స్వస్థపడెను! ఆ అనుభవమునుండి పుట్టిన వ్యాయామమును అతడు నడివయస్సులోనున్న పదునైదుగురు పరుగుగాండ్రచే పండ్రెండు వారములు చేయించి, ఫలితమును 1998లో ప్రకటించెను. వారందరు మరల పరుగెత్తగలిగిరి. నేటికిని వైద్యులు ఆ పద్ధతిని, దాని మార్పులను చెప్పుచునే యున్నారు.

అటులనే, నొచ్చిన అవయవమును కదలనీయక మంచుగడ్డ పెట్టుడని 1978లో అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్ వ్రాయగా లోకమంతయు అనుసరించినది. మంచు మానుదలను ఆలస్యము చేయవచ్చునని తరువాతి కాలమున ఆయనయే ఒప్పుకొనెను. దీనినిబట్టి చూడగా, సంపూర్ణమైన విశ్రాంతియే ఎల్లప్పుడు మందు కాదు. కొలతతో మోపిన బరువు మేలు చేయును. కాని ఈ మాట విని ఎముక చిట్లినవాడు లేచి పరుగెత్తిన యెడల ఆ చీలిక పూర్తిగా విరుగవచ్చును. స్నాయువునకు మందైనది ఎముకకు విషము. ఏది ఏదియో రోగికి తెలియదు. నొప్పి రెండింటను నొప్పియే. అందుచేత మొదటి కర్తవ్యము ధైర్యమును కాదు, భయమును కాదు. తెలిసినవాని యొద్దకు పోయి పరీక్ష చేయించుకొనుట. ప్రార్థన చేసితిని, ఇక వైద్యుడెందుకని పలుకువారు మన సంఘములలో ఇంకను ఉన్నారు. ప్రియ వైద్యుడైన లూకా పౌలునకు తోడుండెనని వారు చదువలేదు కాబోలు (కొలొస్సయి 4:14).

పరీక్షించిన పిమ్మట వైద్యుడు ఈ యేడు పరుగు వద్దన్నప్పుడు అసలు శోధన ఆరంభమగును. కట్టిన రుసుము తిరిగి రాదు. చలికాలమంతయు పడిన శ్రమ వృథాయగును. వచ్చే యేటికి వయస్సు ఒకటి హెచ్చును. స్నేహితులు ధైర్యము చెప్పుచున్నామనుకొని పురికొల్పుదురు. అప్పుడు ప్రతివాడును తనకిష్టమైన నాలుగు సాక్షి కథలు చెప్పుకొనును.

అట్టి కథలు నిజముగానే గలవు. జపాను దేశపు హిరోము ఇనాడా అరువదియవ యేట ఉద్యోగము మాని, జబ్బుపడిన భార్యకు పరిచర్య చేయుచు ఈత నేర్చుకొనెను. డెబ్బదియవ యేట మొదటి ట్రయథ్లాన్ చేసెను. 2015లో హవాయిలో ఎనుబదిరెండేండ్ల వయస్సున, గమ్యము కనుచూపులో నుండగా తూలిపడి, పదునేడు గంటల గడువును పది సెకండ్లకంటె తక్కువ తేడాతో పోగొట్టుకొనెను. మరుసటి యేడు తిరిగి వచ్చి గడువులోపల ముగించెను. 2018లో ఎనుబదియైదేండ్ల వయస్సున మరల ముగించెను. అమెరికాలో మడోన్నా బుడర్ అను కన్య, 1930లో పుట్టినది, నలువదియెనిమిదవ యేట ఒక పాదిరి మాట విని పరుగు మొదలుపెట్టి, ఎముకలు విరిగినను మానక, 2012లో ఎనుబదిరెండేండ్ల వయస్సున కెనడాలో ఈ పందెమును ముగించెను. ఆమె రోమను కతోలిక మఠవాసిని. మన సంఘము వేరైనను ఆమె పట్టుదలను మెచ్చుకొనుటకు నాకు అడ్డమేమియు లేదు. నాటలీ గ్రాబో అను మరియొకామె యేబదితొమ్మిదవ యేట ఈత నేర్చుకొని 2025లో ఎనుబదియవ యేట హవాయిలో ముగించెను.

ఈ ముగ్గురును గౌరవింపదగినవారు. అయినను వీరి కథలను నొచ్చిన కాలుగలవానికి ఆజ్ఞగా చెప్పుట న్యాయము కాదు. తిరిగి వచ్చినవారి పేర్లు మనకు తెలియును. తిరిగి రానివారి పేర్లు ఎవరును వ్రాయరు. మోకాలు శాశ్వతముగా చెడగొట్టుకొని మెట్లెక్కలేక యింటనున్నవాడు కూడ ఒకనాడు ఇట్టి కథలే విని లేచినవాడు కావచ్చును. ఇనాడా చరిత్రలో నాకు మిక్కిలి గొప్పగా తోచినది 2018 కాదు. ఈతకంటె ముందే, ఎవరును గడియారము పట్టుకొని చూడనిచోట, భార్య మంచమునొద్ద గడపిన దినములు నాకు గొప్పవి.

మరియొక భేదమును మరువరాదు. ఈ క్రీడాకారుని నొప్పి అతడు కోరి తెచ్చుకొన్నది. మా ప్రాంతమున తాటిచెట్టునుండి పడి నడుము విరిగిన గీతకార్మికుడును, నాట్లు వేసి వేసి నడుము నిలువని స్త్రీయును, బస్తాలు మోయు హమాలీయును ఏ పందెమునకును రుసుము కట్టలేదు. వారికి ఈ యేడు మానివేసి వచ్చే యేడు చూతమనుటకు వీలులేదు. నొచ్చిన కాలుతో మరునాడు పనికి పోనియెడల పొయ్యి వెలుగదు. కావున పందెపు గాయమును ఎవరైనను సిలువ అని పిలిచినప్పుడు నాకు మనస్సు ఒప్పదు. సిలువ మోయుట యనగా ప్రభువు నిమిత్తము, పొరుగువాని నిమిత్తము తన్ను తాను ఉపేక్షించుకొనుట. ఆట కొరకు పడిన నొప్పి ఆట నొప్పియే. దానిలో పాపము లేదు, పరిశుద్ధతయు లేదు.

అటులైన దేవుని బిడ్డకు దానినుండి వచ్చునదేమియు లేదా? ఉన్నది. మన దేహము మన సొత్తు కాదు, పరిశుద్ధాత్మకు ఆలయము, వెల యిచ్చి కొనబడినది (1 కొరింథీ 6:19-20). పరుల సొత్తును చూచుకొను గృహనిర్వాహకుడు దానిని దాచిపెట్టి తుప్పు పట్టనీయడు, విరుగునంతగా వాడడు. సోమరికిని, పట్టుబట్టి కాలు విరుగగొట్టుకొనువానికిని ఒకటే లెక్క అడుగబడును. ఏలీయా బదరీవృక్షము క్రింద పడుకొని చావు కోరుకొన్నప్పుడు దేవదూత అతనిని గద్దింపలేదు. తట్టి లేపి, రొట్టెయు నీళ్లును ఇచ్చి, మరల నిద్రపోనిచ్చెను (1 రాజులు 19:5-8). ముందు నలువది దినముల ప్రయాణమున్నది గనుక ఆ నిద్రయు ప్రయాణములో భాగమే.

పరుగు మానవలసివచ్చిన యేట ఏమి చేయవలెనో కూడ చెప్పుదును. కాలు ఓర్చునంతమట్టుకు వైద్యుడు చెప్పిన వ్యాయామము, ఈత సరే. పందెపు దినమున మాత్రము ఇంట కూర్చుండక అక్కడికి పోవలెనని నా మనవి. ఈ పందెములు స్వచ్ఛంద సేవకుల చేతులమీదనే నడచును. దారి పొడవున నీళ్లు, పండ్లు అందించువారు వందలకొలది కావలెను. తాను పరుగెత్తవలసిన దారిలో నిలుచుండి, తనయీడువాడు తన చోటున పరుగెత్తుచుండగా వానికి గిన్నెడు నీళ్లు అందించుట మడమ నొప్పికంటె కష్టమైన పని. సంతోషించువారితో సంతోషించుడను మాట (రోమా 12:15) ఏడ్చువారితో ఏడ్చుటకంటె కష్టమైనదని, సంఘములో ఇన్నేండ్లు పని చేసిన పిమ్మట నాకు తోచుచున్నది. పొరుగువాని బిడ్డ చచ్చినప్పుడు ఊరంతయు వచ్చును. పొరుగువాని బిడ్డకు ఉద్యోగము వచ్చినప్పుడు ఎందరు నిండు మనస్సుతో వత్తురు?

కాలు మరి మానదని తేలినవారును కొందరుందురు. వారికి వచ్చే యేడు అను మాట చెప్పకూడదు. దావీదు మెఫీబోషెతును పిలిపించినప్పుడు వానికి కాళ్లు బాగుచేయుదునని చెప్పలేదు; అది రాజు చేతిలో లేదు. సౌలు భూమినంతయు తిరిగి యిచ్చి, తన బల్లయొద్ద నిత్యము భోజనము చేయుమనెను. రెండవ సమూయేలు తొమ్మిదవ అధ్యాయమును చదివి చూడుడు. వాడు యెరూషలేములో కాపురముండి రాజు బల్లయొద్ద భుజించుచుండెనని చెప్పిన తరువాత, వాని రెండు కాళ్లును కుంటివే యని మరల చెప్పి లేఖకుడు అధ్యాయమును ముగించెను.