తినరాని దానము

అందఱికి చెందిన వస్తువును అందఱికి తెఱచియుంచినంతమాత్రమున న్యాయము సిద్ధించునా? ఈ ప్రశ్నను విచారించుటకు తగిన తావొకటి అమెరికాదేశమున కాలిఫోర్నియా తీరమునందు మాకు కనబడుచున్నది.

అచ్చటి తీరపట్టణములలో ఒడ్డునుండి సముద్రములోనికి చొచ్చుకొనిపోవు వంతెనలు కలవు. వానిని పీరులందురు. పదునాఱేండ్లు నిండినవారు ఆ రాష్ట్రమున చేపలు పట్టవలెనన్న సాధారణముగా రుసుము చెల్లించి అనుమతిపత్రము పొందవలయును. సముద్రముపైనున్న ప్రజల పీరుమీద మాత్రము ఆ పత్రముతో పనిలేదు. చేపల కొలతకును సంఖ్యకును గల నియమములు అందఱికిని ఒక్కటియే. పడవ లేనివాడును, పత్రము కొనలేనివాడును ఒక గాలపుకఱ్ఱయు కొంచెము ఎరయు చేతబట్టి వచ్చి కమ్మిని ఆనుకొని నిలువవచ్చును. వాని ప్రక్కనే వినోదార్థము వచ్చిన ధనికుడు నిలుచుండును. ఒకనికి పొద్దుపోవుటయే లాభము. రెండవవాని బుట్టలో పడినది ఇంటివారి రాత్రిభోజనము. చేపలు పట్టు హక్కును ఆ రాష్ట్రప్రజలు 1910వ సంవత్సరముననే తమ రాజ్యాంగమున చేర్చుకొనిరి. ఇది మెచ్చదగిన యేర్పాటనుటకు మేము సందేహింపము.

కాని ఆ నీటిలోనికి ఏమేమి పోయినదో చూడుడు. 1909లో తెఱవబడిన సాంటా మోనికా పీరు ముఖ్యముగా కట్టబడినది విహారమునకు కాదు. పట్టణపు మురుగును అలలకావలికి గొనిపోవు గొట్టమును మోయుటకు! అంతకంటె ఘోరమైనది తరువాత జరిగినది. లాస్ ఏంజలీస్ ప్రాంతమున మాంట్‌రోజ్ అను కర్మాగారము 1947 మొదలు 1982 వఱకు డి.డి.టి. అను క్రిమినాశకమును తయారుచేసెను. దాని వ్యర్థము బహుసంవత్సరములు మురుగుకాలువలగుండ పాలోస్ వెర్డీస్ యొద్ద సముద్రమును చేరి అడుగుమంటిలో నిలిచిపోయెను. ఆ విషము త్వరగా నశించునది కాదు. అడుగున మేయు చేపల క్రొవ్వులో కూడుకొనును. అందుచేత సాంటా మోనికా మొదలు సీల్ బీచి వఱకుగల తీరమున వైట్ క్రోకర్ మొదలగు కొన్ని చేపలను తినరాదని రాష్ట్రాధికారులు చెప్పుచున్నారు. పీరులపై పలుభాషలలో హెచ్చరికపలకలు నాటిరి. 1990లో ప్రభుత్వమువారు వ్యాజ్యము వేయగా, దశాబ్దము గడచిన పిదప రమారమి 14 కోట్ల డాలర్లకు ఒడంబడికలు కుదిరినవి.

“పలక చదివి మానుకొనిన చాలదా?” యని కొందఱనవచ్చును. చాలదని మా యభిప్రాయము. వినోదమునకు పట్టినవాడు ఆ చేపను మరల నీటిలో విడిచి, ఇంటికేగి వేఱొకటి భుజించును. ఆకలికి పట్టినవాడు విడుచునది తన యన్నమునే. దోషమొకరిది, ఉపవాసమొకరిది. హెచ్చరించుట అవసరమే, హెచ్చరికతో ఋణము తీఱినదనుకొనుట తప్పు.

కఠోపనిషత్తున నచికేతుని తండ్రి యజ్ఞదక్షిణగా ఇచ్చిన గోవులు వట్టిపోయిన ముసలియావులు. దానము జరిగినది, విధి నెఱవేఱినది, పుచ్చుకొన్నవానికి దక్కినదేమి? ఆ బాలుని మనస్సును కలచిన సందేహమే పీరుమీద నిలిచిన పేదవాని పక్షమున మనకును కలుగవలయును.

హక్కు నిచ్చుట సగము ధర్మము. ఆ హక్కుచే లభించు వస్తువును చెడకుండ కాపాడుట తక్కిన సగము. ఊరిచెఱువు అందఱిదని తీర్మానించి, దానిలోనికి మురుగు వదలువానిని చూచియు నూరకుండువారు తామిచ్చినదానిని తామే తిరిగి పుచ్చుకొనుచున్నారు. సముద్రము గొప్పదైనను న్యాయ మిదియే.