తుపాను తెచ్చిన సొమ్ము

ఓరుగంటిలో గూర్చుండి సముద్రతీరపు సేద్యమును గూర్చి వ్రాయుట కొందఱికి వింతగా దోచవచ్చును. మనకు కడలి హోరు వినబడదు. అయినను తుపాను వలన వచ్చు సొమ్ము ఎవరిదను ప్రశ్నకు ఈ నగరము నుండి యేలిన రాజే యొకడు శిలమీద సమాధానము వ్రాయించెను.

1244వ సంవత్సరమున కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవునందు అభయశాసనమును నిలిపెను. గాలివానకు పగిలి ఓడలు ఒడ్డున బడినపుడు వెనుకటి రాజులు అందలి బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను బలిమిని గుంజుకొనుచుండిరి. గణపతిదేవుడు నియతమైన సుంకము దప్ప తక్కినదంతయు ఆ వర్తకులకే విడిచెను. దయచేతను, కీర్తికొఱకును, ధర్మముకొఱకును ఇట్లు చేసితినని తానే చెప్పుకొనెను. వర్తకులు నమ్మిన రేవునకు రాబడియు హెచ్చును గదా యని యెవరైన ననవచ్చును. అననిండు. చేతికందిన సొమ్మును విడుచుటకు నిగ్రహమే కావలెను.

నేడు ఒడ్డున బడు ఓడల స్థానమున మడ అడవులు, ఇసుకదిబ్బలు, మురుగుకాలువలు ఉన్నవి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలకొలది జనులు మడసిరి. 1999లో ఒడిశాను గొట్టిన పెనుతుపానులో, కేంద్రపడా జిల్లాయందు మడ అడవి దట్టముగా మిగిలిన చోట్ల వెనుకనున్న పల్లెలలో చావులు తక్కువయ్యెనని తరువాతి పరిశోధకులు లెక్క తేల్చిరి. అట్టి అడవిని నఱికి రొయ్యల చెఱువు త్రవ్వినవాడు పొరుగువాని గోడను పెఱికి తన యిల్లు గట్టుకొన్నట్లే. ఉప్పునీరు ఊరి ప్రక్క వరిమడి చౌడుబాఱును. ఆ రైతు చేసిన తప్పేమి? 1996లో సర్వోన్నత న్యాయస్థానము తీరపు పట్టీలోని రొయ్యల చెఱువులను తొలగింపుమనెను. 2005లో వచ్చిన చట్టము అనుమతులతో వానికి మరల త్రోవ యిచ్చెను. చట్టము త్రోవ యిచ్చినంత మాత్రమున పొరుగువాని చేను తియ్యబడదు.

అయితే చెఱువు త్రవ్విన చిన్న రైతు మొఱ కూడ వినవలెను. రెండేండ్లు వరుసగా వరి మునిగి, అప్పు మీదబడినవానికి అడవిని గాపాడుమని మనము దూరమునుండి చెప్పుట తేలిక. అడవి నీడను బ్రదుకు వారందఱును వాని నష్టమును పంచుకొనక, ఆ నిగ్రహమును వానియొక్కని నెత్తిన బెట్టుట మాకు న్యాయముగా దోచదు. ఆ పంపకమే పరిపాలన. అది లేనిచో మిగులునది పెత్తనము.

ఈ పంపకమున మనకును పాలు గలదు. పాకాల దగ్గఱ పుట్టిన మున్నేరు కృష్ణలో గలియును. కృష్ణ దివిసీమ కడ సముద్రమును జేరును. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెఱువులలో పైచెఱువు అలుగు పాఱిన నీరు క్రిందిచెఱువున కాధారము. ఆ చెఱువుల శిఖము భూములలోను, నాలాల మీదను మనమే యిండ్లు గట్టితిమి. 2020 ఆగస్టులో నగరమున వీధులు మునిగినపుడు నీటిని నిందించితిమి.

మొన్న ఒక మిత్రుడు మాకు ఇంటిస్థలము చూపెను. ధర చాల తక్కువ. ఏల తక్కువయని యడిగితిమి. వానకాలమున నాలుగు దినములు నీరు నిలుచును, మట్టి పోసిన సరి యని చెప్పెను. ఆ నీరు అప్పుడెక్కడికి బోవునని అడిగితిమి. అతడు క్రిందివైపున్న యిండ్లను జూచి, మాట మార్చెను.